గెట్టు కింద మట్టి

వర్ధన్నపేట దాటి ఖమ్మం రోడ్డు మీద కొంతదూరం పోయాక కుడిచేతి వైపు ఒక మట్టిబాట దిగుతుంది. ఆ బాట చివర గుండ్లపల్లె. ఎస్తేరు ఆ ఊరి కోడలు. ఎదురుపడితే ఆమెను చెల్లె అనో చిన్నమ్మ అనో పిలుస్తారు. వెనకాల మాత్రం ఫ్రాన్సిస్ పెండ్లాం అంటారు. ఆ మాట అనేటప్పుడు గొంతు కాస్త తగ్గిస్తారు. ఫ్రాన్సిస్ మనిషిని చంపి జైలుకు పోయినవాడు. అక్కడే కామెర్లు ముదిరి చనిపోయాడు.

చంపింది పక్కపొలం మొగిలయ్యను. వాళ్లిద్దరూ కలిసి పెరిగినవాళ్లు. ఒకటే బావి, ఒకటే మోటరు. ఒకరి నారు మిగిలితే ఇంకొకరి మడిలో పడేది. పొలానికీ పొలానికీ నడుమ ఉండే గట్టును ఆ ప్రాంతంలో గెట్టు అంటారు. ఆ గెట్టు మీదే ఇద్దరూ కూర్చుని సద్ది తినేవారు, బీడీలు కాల్చేవారు.

"గెట్టు నా దిక్కు జరిగింది ఫ్రాన్సిస్. మా నాయిన చెప్పిన గెట్టు ఇది గాదు" అని మొగిలయ్య మొదట్లో నవ్వుతూనే అనేవాడు.

"తాతల నాటి గెట్టురా ఇది. మా నాయిన సచ్చేముందు చూపెట్టిపోయిండు" అని ఫ్రాన్సిస్ కూడా నవ్వేవాడు.

ఏడాదికేడాది ఆ నవ్వు పలచబడింది. కల్లు తాగినప్పుడు తిట్లయింది. పెద్దమనుషుల్లో పంచాయితీ అయింది. సర్వేయరు వచ్చి గొలుసు లాగాడు కానీ హద్దురాళ్లు ఒక్కటీ దొరకలేదు. ఇద్దరూ సర్దుకోండని చెప్పి చాయ తాగి వెళ్లిపోయాడు. తెల్లారి నుంచి ఇద్దరూ మోటరు దగ్గర కూడా మాట్లాడుకోలేదు.

మృగశిర కార్తె వచ్చింది. నాట్లకు ముందు గెట్లు చెక్కుకునే రోజులు. మొగిలయ్య పార పట్టుకొని గెట్టును తన వైపు నుంచి చెక్కుతూ చెక్కుతూ నడిమికి వచ్చాడు. ఫ్రాన్సిస్ చేతిలో గడ్డపార ఉంది. మాటా మాటా పెరిగింది. ఎస్తేరు సద్దిగిన్నె నెత్తిన పెట్టుకొని వచ్చేసరికి మొగిలయ్య గెట్టుకు ఆనుకొని, అలసిపోయి కూలబడ్డవాడిలాగే కూర్చుని ఉన్నాడు. దగ్గరికి పోయాకే తల వెనుక భాగం కనిపించింది. నారుమడిలో ఉన్న మొగిలయ్య భార్య రాజేశ్వరి చేతిలో నారుకట్టతోనే పరుగెత్తుకొచ్చింది. ఫ్రాన్సిస్ ఎక్కడికీ పారిపోలేదు. "గెట్టు మనదే ఎస్తేరూ. దేవుని తోడు, గెట్టు మనదే" అని ఒక్కటే మాట అంటూ పోలీసులు వచ్చేదాకా అక్కడే నిలబడ్డాడు.

జైలులో ములాఖత్‌కు పోయిన ప్రతిసారీ ఆ మాటే అన్నాడు. నరహత్య ఎంత పాపమో ఎస్తేరుకు తెలుసు. ఆదివారం మందిరంలో మోకాళ్ల మీద ఏడ్చినప్పుడు ఆ పాపాన్ని ఆమె ఏనాడూ తగ్గించి చెప్పలేదు. కానీ లోపల ఒక మూల చిన్న ఆసరా ఉండేది. తన మనిషి చేయకూడనిది చేశాడు, కానీ అబద్ధం కోసం చేయలేదు. కూతురు షారోన్‌ను పెంచి పెద్ద చేసింది ఆ ఆసరాతోనే. బడిలో పిల్లలు "మీ నాయిన ఖూనీకోర్" అని ఏడిపిస్తే పిల్ల ఇంటికొచ్చి పలక విసిరేసేది.

"మీ నాయిన తప్పు చేసిండు బిడ్డా. గని అబద్ధం ఆడలే" అని తల నిమిరేది ఎస్తేరు.

షారోన్ ఇప్పుడు హన్మకొండలో ఒక ప్రైవేటు దవాఖానాలో నర్సు. మందిరంలో సాక్ష్యం చెప్పే వేళ వచ్చినప్పుడల్లా ఎస్తేరు లేచి అదే మాట సంఘం ముందు చెప్పేది. అయ్యగారు, అంటే పాస్టరు గారు, కళ్లు మూసుకొని వినేవారు. ఎవరూ కాదనలేదు, ఔననలేదు.

ఆ పొలాల మీదికి నయీముద్దీన్ సారు వచ్చింది మొన్నటి ఎండాకాలం. హన్మకొండలో ఒక కాలేజీలో చరిత్ర చెబుతాడు. నెత్తికి తువ్వాలు చుట్టుకొని, రెండు కాళ్లకూ పల్లేరుకాయలు గుచ్చుకొని, యాసంగి కోతలు అయిపోయిన పొలాల్లో ఒంటరిగా తిరుగుతుంటే మొదట ప్లాట్ల బ్రోకరు అనుకున్నారు. ఆయన వెతికేది పాత గెట్లను. ఎప్పుడో రైతులు రాళ్లు నిలబెట్టి కట్టుకున్న హద్దులు ఇప్పటి గెట్ల కింద ఎక్కడన్నా మిగిలి ఉన్నాయా, అవి ఏ కాలానివి, నీటి వాలును బట్టి పెట్టారా, పంపకాలను బట్టి పెట్టారా అని తవ్వి చూడటం ఆయన పని. పైనుంచి తీసిన ఫొటోల్లో గుండ్లపల్లె చెరువు కింద కొన్ని గీతలు కనిపించాయట. అనుమతి కాగితాలు చూపించి, సర్పంచుతో మాట్లాడి, ఊరి చివర చింతచెట్ల దగ్గర గెట్టును తవ్వాలనుకున్నాడు. కూలికి నలుగురు ఆడవాళ్లు కావాలన్నాడు. ఎస్తేరు పోయింది.

రెండు రోజులు మట్టి మోస్తూ ఆయన చెప్పేది విన్నది. మట్టి పొరలు పొరలుగా ఉంటుందనీ, కింది పొర పాతది, మీది పొర కొత్తదనీ, గెట్టును అడ్డంగా కోస్తే అది ఎప్పుడు పుట్టిందో, ఎన్నిసార్లు పెంచారో కనిపిస్తుందనీ అర్థమైంది. మూడోనాడు అన్నం తినే వేళ ఆయన దగ్గరికి పోయి నిలబడింది.

"సార్, జర మా గెట్టు గూడ తవ్వి చూస్తరా?"

"మీదెక్కడమ్మా?"

"కాలువ అవుతల. తాతల నాటి గెట్టు సార్ అది. చానా పాతది. దాని కింద రాళ్లుంటయి."

ఆయన పోయి చూశాడు. గెట్టు వెడల్పుగా, ఎత్తుగా ఉంది. ఆయనకు నచ్చింది. అవతలి పొలం వాళ్లను కూడా అడగాలి కదా అన్నాడు. ఎస్తేరు తల దించుకుంది. ఆయనే రాజేశ్వరి ఇంటికి పోయి అడిగాడు.

"తవ్వుకోండ్రి. నాకు కొత్తగ పొయ్యేదేమున్నది" అన్నది రాజేశ్వరి.

ఆ సాయంత్రం చాయ హోటల్లో ఎవరో ఆయనకు సంగతంతా చెప్పారు. తెల్లారి సారు ముఖం వాడిపోయి ఉంది.

"ఎస్తేరమ్మా, నాకు తెల్వకపాయె. వద్దులే. నేను చింతచెట్ల కాడనే చూస్కుంట" అన్నాడు.

"వద్దనకుండ్రి సార్. నేనే అడుగుతాన గదా. నా బిడ్డకు చూపెట్టుకుంట. అవుతలామె గూడ చూస్తది. మా ఆయన అబద్ధం ఆడలేదని ఒక్కసారి కండ్లకు కనవడితే సాలు నాకు."

ఆయన చాలాసేపు తువ్వాలు అంచు మడతలు పెడుతూ కూర్చున్నాడు. తర్వాత ఒప్పుకున్నాడు. ఒప్పుకోకుండా ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకొని ఉంటాడు.

గెట్టుకు అడ్డంగా మంచమంత వెడల్పు గాడి తీశారు. అటు రాజేశ్వరి పొలంలోకి కొంత, ఇటు ఎస్తేరు పొలంలోకి ఎక్కువగా. ఎస్తేరు ఉత్సాహంగా తట్టలెత్తింది. మిగతా ఆడవాళ్లు నీళ్లు తాగడానికి ఆగినా ఆమె ఆగలేదు. మొదట ఆమె పొలం వైపే రాళ్లు తేలాయి. గెట్టు నుంచి రెండు బారల లోపలికి, మోకాలి లోతు దుబ్బ కింద, రెండు వరసల్లో నిలబెట్టిన బండరాళ్లు. వాటి నడుమ మొరం దట్టించి ఉంది. రాళ్ల కింద ఎర్రటి కుండపెంకులు దొరికాయి. నయీముద్దీన్ సారు గాడిలో బోర్లా పడుకొని కుంచెతో ఊడుస్తూ తనలో తానే నవ్వుకుంటున్నాడు. ఒక ఇనుప గొట్టాన్ని రాళ్ల కింది మట్టిలోకి కొట్టించి, బయటికి తీసి, వెలుతురు తగలకుండా నల్లగుడ్డలో చుట్టించాడు. ఆ మట్టి చివరిసారి ఎండను ఎప్పుడు చూసిందో ల్యాబులో చెబుతారన్నాడు.

"ఎంత పాతది సార్?" అని అడిగింది ఎస్తేరు.

"రిపోర్టు రావాలమ్మా. కొన్ని వందల ఏండ్లు అయితే పక్కా. కాకతీయుల నాటిదో, ఆ తర్వాతదో. మీదికి మీదికి మూడు నాలుగు సార్లు రాళ్లు పేర్చిండ్రు సూడు. అంటే తరతరాలు ఇదే జాగల గెట్టు ఉన్నది. ఎవ్వరు కదపలే."

"మరి మా గెట్టు?"

ఆయన అప్పటిదాకా ఆ పక్కకు చూడలేదు. ఎస్తేరు ముఖం చూశాక నవ్వు ఆపి, లేచి, గెట్టు కోత దగ్గరికి వచ్చాడు. తాపీతో గోడలాంటి ఆ కోతను పైనుంచి కిందికి గీకాడు. పైన గడ్డివేళ్లు, దాని కింద నల్లమట్టి, దాని కింద మొత్తం ఒకే రకం దుబ్బ. రాళ్లు లేవు, పెంకులు లేవు. అడుగున తెల్లగా ఏదో కనిపిస్తే మెల్లగా చుట్టూ తవ్వి తీశాడు. యూరియా సంచి. దాని పక్కన ఇంకొకటి. ఇసుక నింపి, మూతులు కుట్టి, వరసగా పేర్చిన సంచులు.

"ఇది పాత గెట్టు గాదమ్మా. సంచి పుట్టినంక పుట్టిన గెట్టు. ఓ నలభై ఏండ్లు ఉంటదేమో" అన్నాడు సారు, వీలైనంత మెత్తగా.

ఎస్తేరు సంచి వైపే చూస్తోంది. మట్టి రాలిన చోట సంచి మూతికి వేసిన కుట్టు కనిపిస్తోంది. చిలకపచ్చ నైలాను పేలికతో వేసిన కుట్టు, ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడ్డ రెండేసి పోగులు. తల్లి నేర్పిన కుట్టు అది. పెండ్లికి మేనమామ పెట్టిన చిలకపచ్చ నైలాను చీర ముళ్లకంపకు పట్టి చిరిగిపోతే పేలికలు చేసింది తనే.

అప్పుడు గుర్తొచ్చింది. తాను కాపురానికి వచ్చిన ఏడాది చెరువు తెగింది. చెరువు కింది పొలాలన్నీ ఒక్కటే ఇసుక మేట. గెట్లు లేవు, కాలువలు లేవు. మొగిలయ్య తండ్రి పెండ్లాం పిల్లలతో బతుకుదెరువుకు భీవండి పోయి ఉన్నాడు. మరుసటి ఎండాకాలం మామ, అంటే ఫ్రాన్సిస్ తండ్రి, రెండు కొసలా రెండు కర్రలు పాతి తాడు కట్టాడు. ఇదే మన గెట్టు అన్నాడు. ఫ్రాన్సిస్ సంచుల్లో ఇసుక నింపాడు, ఎస్తేరు దబ్బనంతో మూతులు కుట్టింది. ఆపైన తట్టలతో మట్టి మోసి పోసింది. కొత్త కోడలు బాగా పనిమంతురాలని మామ మెచ్చుకున్నాడు. భీవండి వాళ్లు తిరిగొచ్చేసరికి గెట్టు మీద గడ్డి మొలిచింది. ఉన్నచోటే గెట్టు మళ్లీ పోస్తున్నామని ఆమె అనుకుంది. అదొక పని, చేసి మరిచిపోయింది.

కొన్ని వందల ఏండ్లు కదలని హద్దు ఆ ఎండాకాలం కదిలింది. మొగిలయ్య నవ్వుతూ చెప్పింది నిజం. తిడుతూ చెప్పింది నిజం. పార పట్టుకొని చెక్కుతూ చెప్పింది కూడా నిజమే.

ఆమె గాడిలోనే కూలబడింది. ఎండదెబ్బ అనుకొని ఆడవాళ్లు నీళ్లు చల్లారు. సారు మాత్రం ఆ రోజుకు పని ఆపించాడు.

తెల్లారి ఎస్తేరు రాజేశ్వరి ఇంటికి పోయింది. మొగిలయ్య పోయిన తర్వాత ఆ గడప తొక్కడం అదే మొదటిసారి. రాజేశ్వరి వసారాలో టార్పాలిన్ పరదా పరుచుకొని కూలికి తెచ్చిన మిరపకాయల తొడిమలు తీస్తోంది. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. ఎస్తేరు నేల మీద కూర్చుని అంతా చెప్పింది. చెరువు తెగిన సంగతి, తాడు, సంచులు, తన కుట్టు. రాజేశ్వరి చేతులు ఆగలేదు. కాయ ఒక పక్కకు, తొడిమ ఒక పక్కకు పడుతూనే ఉన్నాయి.

"గెట్టు మీదే అక్కా. అసలు గెట్టు మా దిక్కు రెండు బారలు లోపటికున్నది. మొగిలన్న చెప్పిందే నిజం" అన్నది ఎస్తేరు.

"నాకు తెల్వదా?" అన్నది రాజేశ్వరి. "ఆ పొద్దు పొలానికి పొయ్యేటప్పుడు గూడ అదే చెప్పిండు. నేను వద్దనలే. మనది మనం తీస్కోవాల్నని నేనే పార అందిచ్చిన."

రాజేశ్వరి ఇంకో గుప్పెడు కాయలు ముందుకు లాక్కుంది.

"సంచులు కుట్టినదానివి, మట్టి మోసినదానివి. పెద్దమనుషులల్ల నిలవడ్డనాడు చెప్పరాకపోయినవా?"

"నాకు యాదికి లేదక్కా. మందిరం తోడు, యాదికి లేదు."

"యాదికి లేదు" అని రాజేశ్వరి ఆ మాటను రుచి చూస్తున్నట్టు మళ్లీ అన్నది. "గంత మనిషి పోయిండు. నీకు యాదికి లేదు."

"గెట్టు తీపిస్త. ఆ జాగ నీకిస్త. కాయితం రాసిస్త. ఇంకేం జెయ్యాల్నో నువ్వే చెప్పు."

రాజేశ్వరి మొదటిసారి తలెత్తింది. మిరప ఘాటుకు ఆమె కళ్లు ముందే ఎర్రబడి ఉన్నాయి.

"ఆ జాగల మా ఆయన నెత్తురు పడ్డది. దాంట్ల వరేసుకోని బువ్వ తినుమంటానవా? నువ్వే దున్నుకో. గెట్టు ముట్టకు. అది తీస్తే ఏం జరగనట్టే ఉంటది పొలం. ఉండనియ్ అట్లనే."

ఎస్తేరు ఇంకాసేపు కూర్చుంది. వేళ్లు అలవాటుగా పరదా మీదికి పోయి ఒక మిరపకాయ తొడిమ తీయబోయాయి. రాజేశ్వరి ఆ కాయను ఆమె చేతిలోంచి తీసుకొని తన పక్కన పెట్టుకుంది. ఎస్తేరు లేచి వచ్చేసింది.

ఇంటికి పోలేదు, పొలానికి పోయింది. నయీముద్దీన్ సారు గాడి పక్కన కూర్చుని గెట్టు కోతను బొమ్మ గీసుకుంటున్నాడు. ఆమెను చూసి పెన్సిలు పక్కన పెట్టాడు.

"సార్, మట్టిల అన్నీ కనవడతయి గదా?"

"కొన్ని కనవడతయమ్మా."

"మా మామ తెల్సి జరిపిండా, తెల్వక జరిపిండా? మా ఆయనకు తెల్సా, తెల్వదా? అది కనవడతదా సార్?"

ఆయన ఆ కోత వైపు చూశాడు. దాంట్లోంచి ఏదన్నా జవాబు తీసి ఇవ్వగలిగితే బాగుండునన్నట్టు చూశాడు.

"కనవడదమ్మా" అన్నాడు. "ఇసుక మేట పడ్డనాడు ఎవరికైనా జాగ గుర్తువట్టుడు కష్టమే. తెల్వకనే అయి ఉండొచ్చు."

"తెల్సి గూడ అయి ఉండొచ్చు."

"అయి ఉండొచ్చు" అని ఒప్పుకున్నాడాయన. అబద్ధం చెప్పడం చేతకానివాడు. "నన్ను మాఫ్ చెయ్యమ్మా" అన్నాడు.

"నేనే కదా సార్ తవ్వుమన్న" అన్నది ఎస్తేరు.

ఆ వారం షారోన్ వచ్చింది. తల్లి అన్నం తినడం లేదని పక్కింటివాళ్లు ఫోన్ చేశారు. ఎస్తేరు కూతురికి కూడా ఏదీ దాచలేదు. షారోన్ మంచం పట్టె మీద కూర్చుని చివరిదాకా విన్నది. ఏడవలేదు.

"మరి నాయిన అబద్ధం ఆడలేదని చెప్తివి గదనే" అన్నది.

"గట్లనే అనుకున్న బిడ్డా."

"వార్డుల నా పక్క నర్సులకు గూడ గట్లనే చెప్పిన. మా నాయిన గిట్ల చేసిండు గని గిందుకు చేసిండని." తల్లి ముఖంలోకి చూసి అడిగింది, "ఇంకేం చెప్పుకోవాలె?"

షారోన్ తల్లికి తల దువ్వింది, బీపీ చూసింది, రెండు పూటలకు సరిపోయేట్టు వండి పెట్టింది. తనతో హన్మకొండ రమ్మని అడిగింది. ఎస్తేరు రానన్నది. బస్సు ఎక్కేటప్పుడు షారోన్ వెనక్కి తిరిగి చూడలేదు. తర్వాత ఫోన్లు చేస్తూనే ఉంది. తిన్నవా, గోళీలు వేసుకున్నవా అని అడుగుతుంది. తండ్రి మాట మాత్రం ఎత్తదు. ఇంట్లో గోడ మీద ఫ్రాన్సిస్ ఫొటో అలాగే ఉంది. ఎస్తేరు దాన్ని తీయలేదు, తుడవనూ లేదు.

ఆదివారం మందిరంలో సాక్ష్యాల వేళ వచ్చింది. అలవాటుకొద్దీ అయ్యగారు ఎస్తేరు వైపు చూశారు. ఆమె లేచి నిలబడింది. ముసుగు సర్దుకుంది. "దేవునికి స్తోత్రం" అన్నది. ఆ తర్వాత మాట రాలేదు. సంఘం ఎదురుచూసింది. చంటిపిల్ల ఒకటి ఏడిస్తే తల్లి బయటికి తీసుకుపోయింది. ఎస్తేరు నిలబడే ఉంది. చివరికి అయ్యగారే పాట ఎత్తుకున్నారు. డప్పు, కంజరి మొదలయ్యాయి. ఆ చప్పుడులో ఆమె కూర్చుంది. ఆ తర్వాత కూడా మందిరానికి పోతుంది కానీ వెనుక గుమ్మం దగ్గరే కూర్చుంటుంది. అయ్యగారు ఇంటికొచ్చి ప్రార్థన చేశారు. దేవుడు క్షమిస్తాడని చెప్పారు. "దేవుడు క్షమిస్తడు అయ్యగారూ. నాకు తెలుసు" అన్నది. ఆ మాటలో ఓదార్పు పొందిన మనిషి గొంతు లేదని అయ్యగారికీ తెలిసింది.

ల్యాబు రిపోర్టు వానలు పడ్డాక వచ్చింది. రాళ్ల గెట్టు సారు అనుకున్నంత పాతదే. ఆయన కాలేజీ పిల్లలను ఒక వ్యానులో తీసుకొచ్చి చూపించాడు. పిల్లలు పాత రాళ్ల దగ్గర ఫొటోలు దిగారు. సారు వాళ్లను యూరియా సంచుల వైపు పోనివ్వలేదు. ఆ వైపు కోతను ముందే మట్టితో పూడ్పించాడు. వెళ్లేముందు ఎస్తేరు ఇంటికి వచ్చి గడప దగ్గరే కాసేపు నిలబడి, తన పుస్తకంలో ఊరి పేరు కానీ, మనుషుల పేర్లు కానీ రాయనని మాటిచ్చాడు.

"రాసినా, రాయకున్నా ఒకటే సార్" అన్నది ఎస్తేరు. చాయ పెట్టిచ్చింది. ఆయన తాగాడు.

ఆ వానాకాలం ఎస్తేరు పొలం వేయలేదు. కౌలుకిమ్మని ఇద్దరు ముగ్గురు అడిగితే ఇవ్వలేదు. పాత రాళ్లకూ కొత్త గెట్టుకూ నడుమ ఉన్న ఆ రెండు బారల నేలలో తుంగ మొలిచింది. అక్కడి నుంచి మిగతా మడుల్లోకి పాకింది. ఎవరూ పీకలేదు.

ఆమె ఇప్పుడు కూలికి పోతుంది. నాట్ల కాలంలో ముఠా ఆడవాళ్లంతా పొద్దున్నే ఆటోలో ఎక్కి పక్క ఊళ్లకు పోతారు. అదే ముఠాలో రాజేశ్వరి కూడా ఉంది. ఒకరు డ్రైవరు పక్కన కూర్చుంటే ఇంకొకరు వెనుక కాళ్లు వేలాడేసుకొని కూర్చుంటారు. ముఠా పెద్ద వాళ్లిద్దరికీ వేరు వేరు మడులు చూపిస్తుంది. పొలంలోకి దిగేటప్పుడు ఆడవాళ్లందరూ గెట్ల మీద వరసగా నడిచి పోతారు. ఎస్తేరు మాత్రం గెట్టు ఎక్కదు. చీర మోకాళ్ల దాకా ఎత్తి చెక్కుకొని, పక్కన బురదలోకి దిగి, కాళ్లు ఈడ్చుకుంటూ నడుస్తుంది. మొదట్లో ఆడవాళ్లు నవ్వారు. గెట్టు మీదికి రమ్మని చేయందించారు. ఇప్పుడు ఎవరూ ఏమీ అనరు. ఆమె వచ్చేదాకా ఆగి, నారుకట్ట చేతికిచ్చి, వంగి నాటు మొదలుపెడతారు.